చాకలి ఐలమ్మ

చాకలి ఐలమ్మ (సెప్టెంబర్ 26, 1895 – సెప్టెంబర్ 10, 1985) తెలంగాణా రైతాంగ పోరాటంలో తొలి దశకు చెందిన వీరవనిత. ఈమె అసలు పేరు చిట్యాల ఐలమ్మ. నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో, పాలకుర్తి గ్రామంలో కౌలు రైతుగా జీవించింది. తాను పండించిన పంటను కాజేయడానికి వచ్చిన విసునూరు దేశ్‌ముఖ్ మనుషులను ఆంధ్ర మహాసభ కార్యకర్తల తోడ్పాటుతో ఎదిరించి, ధాన్యాన్ని తన ఇంటికి చేర్చుకున్నది. ఆ ఒక్క పంటతో దొరను ఎదిరించవచ్చునన్న నమ్మకం చుట్టుపక్కల పల్లెలలో కలిగింది. 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటానికి నాంది పలికిన సంఘటనలలో ఇది ముఖ్యమైనదిగా చరిత్రకారులు పరిగణిస్తారు.

జననం, కుటుంబం

ఐలమ్మ వరంగల్లు ప్రాంతంలోని కృష్ణాపురం గ్రామంలో, ఇప్పటి రాయపర్తి మండలంలో, ఓరుగంటి మల్లమ్మ, సాయిలు దంపతులకు జన్మించింది. ప్రభుత్వం జయంతి జరిపే తేదీ 1895, సెప్టెంబర్ 26. కొన్ని పుస్తకాలలో జన్మ సంవత్సరం 1919 అని కూడా కనిపిస్తుంది. పల్లెలలో పుట్టిన తేదీలు వ్రాసి ఉంచుకునే అలవాటు లేని ఆ రోజులలో ఇటువంటి తేడాలు సాధారణమే. చిన్న వయసులోనే పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహతో ఆమెకు వివాహం జరిగింది. చదువుకునే అవకాశం ఆమెకు లభించలేదు. కులవృత్తి బట్టలు ఉతకడం. భార్యాభర్తలు వృత్తి చేసుకుంటూ పిల్లలను పెంచారు. కొడుకులు ఎదిగి వచ్చేసరికి ఇంట్లో పనిచేసే చేతులు పెరిగాయి. అప్పుడే వ్యవసాయం ఆలోచన వచ్చింది.

పాలకుర్తి ప్రాచీన గ్రామం. వీరశైవ కవి పాల్కురికి సోమనాథుడు ఈ ఊరివాడే. పోతన పేరుతో ముడిపడిన బమ్మెర కూడా దగ్గరలోనే ఉన్నది. నిజాం కాలంలో పాలకుర్తి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. తరువాత వరంగల్లు జిల్లాలోకి వచ్చి, 2016లో ఏర్పడిన జనగామ జిల్లాలో మండల కేంద్రమైనది. పాత పుస్తకాలలో ఐలమ్మను నల్లగొండ జిల్లా స్త్రీగా, కొత్త పుస్తకాలలో వరంగల్లు జిల్లా స్త్రీగా పేర్కొనడానికి కారణం ఇదే.

పేరు

ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. అయినా ప్రజలలోనూ, గ్రంథాలలోనూ ఆమె చాకలి ఐలమ్మగానే ప్రసిద్ధి చెందింది. నాటి పల్లెలలో వృత్తి కులాల వారిని ఇంటిపేరుతో పిలిచేవారు కాదు. కులం పేరును ముందు చేర్చి, మూల పేరును కూడా సగానికి విరిచి పిలవడం దొరల వాడుక. అటువంటి పిలుపు ఒక పోరాట నాయకి పేరుగా స్థిరపడటం విశేషం. కొందరు రచయితలు ఇంటిపేరుతోనే ఆమెను ప్రస్తావించాలని భావిస్తారు. రజక సంఘాలు మాత్రం కులం పేరును గౌరవ సూచకంగానే నిలుపుకుంటూ వచ్చాయి. ప్రభుత్వం కూడా అదే పేరును అధికారికంగా వాడుతున్నది.

నాటి గ్రామ పరిస్థితులు

హైదరాబాదు సంస్థానంలో భూమి అంతా ఒకే పద్ధతిలో ఉండేది కాదు. సుమారు నూటికి 10 వంతులు నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్, 30 వంతులు జాగీర్లు, మక్తాలు, మిగిలిన 60 వంతులు నేరుగా ప్రభుత్వ శిస్తు కింద ఉండే ఖాల్సా లేక దివానీ ప్రాంతం. దివానీ ప్రాంతంలో కూడా సామాన్య రైతుకు స్వేచ్ఛ లేదు. ఒకప్పుడు శిస్తు వసూలు చేసిపెట్టే దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు భూమి కొలతలు, హక్కుల నమోదు జరిగిన కాలంలో వేలాది ఎకరాలను తమ పేర వ్రాయించుకున్నారు. విసునూరు దేశ్‌ముఖ్ ఆధీనంలో సుమారు 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో వ్రాశాడు. సూర్యాపేట దేశ్‌ముఖ్‌కు 20,000 ఎకరాలు, కల్లూరు దేశ్‌ముఖ్‌కు లక్ష ఎకరాలు ఉండేవని కూడా ఆ గ్రంథం చెబుతుంది.

భూమితో పాటు మనుషుల శ్రమ మీద కూడా దొరకు హక్కు ఉండేది. దీనినే వెట్టిచాకిరి అనేవారు. కుమ్మరి కుండలు ఇవ్వాలి, గొల్లలు గొర్రెను ఇవ్వాలి, వడ్రంగి, కమ్మరి పనిముట్లు ఊరకే చేసిపెట్టాలి, మంగలి రాత్రివేళ దొర కాళ్లు పిసకాలి. చాకలి వారు దొర ఇంటి బట్టలు ఉతకడమే గాక అంట్లు తోమాలి, అధికారులు ఊరికి వస్తే మంచాలు, పరుపులు మోయాలి. వెట్టిని నిషేధిస్తూ 1923లో నిజాం ఫర్మానా జారీ చేసినా, దానిని అమలు చేయవలసిన వారే వెట్టి చేయించుకునే వారు కావడం వలన అది కాగితం మీదనే ఉండిపోయింది.

ఊరిలో ప్రభుత్వం అంటే ముగ్గురు: మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ. వీరిలో పట్వారీ కలానికి ఉన్న బలం అంతా ఇంతా కాదు. ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారో పహాణీలో వ్రాసేది అతడే. రైతు మాట్లాడేది తెలుగు, ప్రభుత్వ వ్యవహారాలు, న్యాయస్థానాలు నడిచేది ఉర్దూలో. ఇరవై ఏళ్లుగా దున్నుకుంటున్న చేను కాగితంలో ఇంకొకరి పేర మారిపోయినా రైతుకు తెలిసేది కాదు. ఐలమ్మ కథలో అసలు ఆయుధం ఈ పహాణీయే. కర్రలు తరువాత వచ్చాయి.

కౌలు భూమి

ఐలమ్మ కుటుంబం మల్లంపల్లి భూస్వామి కొండలరావు వద్ద పాలకుర్తిలో 40 ఎకరాలు కౌలుకు తీసుకున్నది. అందులో ఎక్కువ భాగం బీడు. సాగులోకి తెచ్చినది నాలుగు ఎకరాలు. ఇప్పటి లెక్కన చూస్తే ఇది చిన్న కమతం. కాని 1940 ప్రాంతంలో, పొలంలో సొంత పంట అన్నమాటే ఎరుగని ఒక వృత్తి కులపు కుటుంబం భూమి కౌలుకు తీసుకొని వరి పండించడం ఊరిలో పెద్ద మార్పు. గింజలు ఇంటికి వస్తే దొర వద్ద నాగుకు, అంటే గింజకు గింజన్నర చెల్లించే అప్పుకు, పోవలసిన అవసరం ఉండదు. అప్పు లేనివాడిని వెట్టికి పిలవడం కష్టం. పట్వారీకి, దేశ్‌ముఖ్‌కు ఐలమ్మ మీద కలిగిన కోపానికి మూలం ఈ నాలుగు ఎకరాల వెనుక ఉన్న స్వతంత్రత అని చెప్పవచ్చును.

పాలకుర్తి పట్వారీ వీరమనేని శేషగిరిరావు ఐలమ్మ కుటుంబాన్ని తన పొలంలో వెట్టి పని చేయడానికి రమ్మన్నాడు. తమ చేనిలో పని ఉండగా ఊరకే పనిచేయడానికి రాలేమని ఆమె నిరాకరించింది. పట్వారీ ఈ విషయాన్ని విసునూరు దేశ్‌ముఖ్ రాపాక వెంకట రామచంద్రారెడ్డికి చేరవేశాడు. పాలకుర్తికి సమీపంలోని విసునూరు గడీ నుండి రామచంద్రారెడ్డి, కడవెండి గడీ నుండి అతని తల్లి జానకమ్మ ఆ చుట్టుపక్కల ఊళ్లను శాసిస్తుండేవారు. దొరసాని జానకమ్మ కర్కశత్వం గురించి ఆ పల్లెలలో నేటికీ కథలుగా చెప్పుకుంటారు.

ఆంధ్ర మహాసభలో చేరిక

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి సమావేశం జరుపుకున్న ఆంధ్ర మహాసభ మొదట తెలుగు భాష, గ్రంథాలయాలు, పాఠశాలల కొరకు పనిచేసిన సంస్థ. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పదకొండవ మహాసభతో దాని స్వరూపం మారింది. మితవాదులు విడిపోయారు. సభ్యత్వ రుసుము రూపాయి నుండి నాలుగు అణాలకు తగ్గింది. దానితో పట్టణాల విద్యావంతుల సభ పల్లెల సంఘంగా మారింది. కూలీలు, కౌలుదార్లు, వృత్తి కులాల వారు సభ్యులైనారు. చేతికర్రలతో తిరిగే కార్యకర్తల వలన దీనికి గుత్పల సంఘం అనే పేరు కూడా వచ్చింది.

ఐలమ్మ కుటుంబం సంఘంలో చేరింది. పాలకుర్తిలో సంఘ నాయకులకు ఆమె ఇల్లు ఆశ్రయమైనది. ఆమె కొడుకులు కార్యకర్తలుగా పనిచేశారు. స్త్రీ సభ్యత్వం తీసుకోవడమే అరుదైన ఆ రోజులలో ఆమె ఇంటికి సంఘం మనుషులు వచ్చిపోతుండటం దేశ్‌ముఖ్ దృష్టిలో పడకుండా ఉండలేదు. పాలకుర్తిలో ఆంధ్ర మహాసభ జరిపిన సమావేశాన్ని దేశ్‌ముఖ్ మనుషులు చెడగొట్టే ప్రయత్నం చేశారు. అది విఫలం కాగా, తమ మీదనే హత్యాయత్నం జరిగిందని తప్పుడు కేసు పెట్టి సంఘ నాయకులతో పాటు ఐలమ్మ కుటుంబాన్ని కూడా అందులో ఇరికించారు. కేసు న్యాయస్థానంలో నిలువలేదు. ఐలమ్మ పక్షాన కొండా లక్ష్మణ్ బాపూజీ వాదించినట్లు ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. దేశ్‌ముఖ్ మీద ఒక చాకలి స్త్రీ న్యాయస్థానంలో గెలుపొందడం అప్పటికి వినని సంగతి.

పంట కోసం పోరాటం

న్యాయస్థానంలో ఓడిన దేశ్‌ముఖ్ పహాణీని నమ్ముకున్నాడు. ఐలమ్మ భూమిని లాగుకుంటే సంఘం పట్టు సడలుతుందని అతని అంచనా. పట్వారీని పిలిపించి ఆ భూమి తనదేనని కాగితాలు సృష్టించాడు. అప్పటికి చేనిలో వరి కోతకు వచ్చి ఉన్నది. ఈ సమయాన్ని ఎంచుకోవడంలో ఒక లెక్క ఉన్నది. దుక్కి, నారు, నాటు, కలుపు, నీటి కాపలా అన్నీ రైతు చేసిన తరువాత, చివరి పని ఒక్కటి చేసి పంట తీసుకొనిపోతే, ఆ కుటుంబానికి ఏడాది తిండి, మరుసటి ఏటి విత్తనం, కౌలు చెల్లింపు మూడూ పోతాయి. మరుసటి సంవత్సరానికి ఆ రైతు తానే భూమి వదిలిపెట్టి దొర గడపకు వస్తాడు.

దేశ్‌ముఖ్ సుమారు వందమంది గూండాలను, పంట కోయడానికి మరొక వందమంది స్త్రీ పురుషులను చేని మీదికి పంపాడని సుందరయ్య వ్రాశాడు. కోయడానికి వచ్చిన వారు కూడా వెట్టివారే అన్న సంగతి ఇక్కడ గమనించదగినది. వారు తమవంటి మనిషి పంటను కోయవలసి వచ్చింది. వారిని అడ్డగించడానికి వెళ్లిన సంఘం కార్యకర్తలు 28 మంది. భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు, నల్లు ప్రతాపరెడ్డి వంటివారు వారికి ముందు నిలిచారు. వీరి చేతులలో కర్రలు తప్ప మరే ఆయుధాలు లేవు. నినాదాలు చేస్తూ ఒక్కసారిగా చేనిలోకి రావడంతో, దొర పేరు చెబితే చాలుననుకొని వచ్చిన గూండాలు నిలువలేక పారిపోయారు. కోయవచ్చిన కూలీలు కూడా వెళ్లిపోయారు. కార్యకర్తలు, ఊరివారు కలిసి అదే రోజు పంట కోసి ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆ కోతలో ఐలమ్మ తానే ముందు నిలిచి పనిచేసింది. రోకలిబండ చేతబట్టి గూండాలను తరిమిన స్త్రీగా ప్రజల జ్ఞాపకాలలో ఆమె నిలిచిపోయింది. ఆ పల్లె ప్రాంతపు విగ్రహాలు, బొమ్మలలో కూడా ఆమెను శ్రామిక స్త్రీ రూపంలోనే చూపుతారు.

మరునాడు పోలీసులు వచ్చారు. ఐలమ్మ ఇంటిలోని ధాన్యాన్ని మాత్రం వారు తాకలేకపోయారు. సంఘం కార్యకర్తలు, ఊరి జనం అడ్డుగా ఉన్నారు. దీనికి బదులుగా పోలీసులు నాయకులను పట్టుకున్నారు. భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు తదితరులను బంధించి విసునూరు తీసుకొనిపోయి చిత్రహింసలకు గురిచేశారు. పోలీసు ఠాణా, దొర గడీ వేరువేరు కాదన్న విషయం దీనితో పల్లెవాసులకు మరింత స్పష్టమైనది.

ఈ సంఘటన 1944–46 మధ్యకాలంలో, సంఘం కార్యక్రమం ఇంకా వెట్టి రద్దు, అక్రమ వసూళ్ల నిలుపుదల వంటి కోరికలకే పరిమితమై ఉన్న దశలో జరిగింది. తుపాకి ఇంకా పోరాటంలోకి రాలేదు. భూమి పంపకం అన్నమాట ఇంకా ఎవరూ అనలేదు. అందుచేత ఐలమ్మ పోరాటాన్ని సాయుధ పోరాటంగా వర్ణించడం పూర్తిగా సరికాదు. అది ఒక కౌలుదారు తన పంటను దక్కించుకోవడానికి చేసిన పోరాటం. ఆ పరిమితిలోనే దానికి ఉన్న బలం కనిపిస్తుంది. దానిని అర్థం చేసుకోవడానికి ఏ రైతుకూ ఏ సిద్ధాంతమూ చదవవలసిన అవసరం లేకపోయింది.

ప్రతీకారం

పంట దక్కినా ఐలమ్మకు శాంతి దక్కలేదు. దేశ్‌ముఖ్ మనుషులు ఆమె ఇంటిని తగులబెట్టారు. ఇంటిలోని ధాన్యం, సొమ్ము దోచుకున్నారు. కుటుంబ సభ్యులు దౌర్జన్యానికి, నిర్బంధానికి గురైనారు. సంఘటనను వర్ణించే వ్యాసాలు చాలా వరకు విజయం వద్దనే ఆగిపోతాయి. కాని ఆ నాలుగు ఎకరాల పంటకు ఈ కుటుంబం చెల్లించిన మూల్యం పంట విలువకు ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఐలమ్మ ఊరు విడిచిపోలేదు, భూమిని వదులుకోలేదు, దొర వద్దకు రాజీకి పోలేదు. తన ఇంటిని కూల్చినవారి గడీ కూలి ఆ చోట పంట మొలవడం చూస్తానని ఆమె శపథం చేసిందని చెబుతారు. తరువాత ప్రజలు తిరగబడిన రోజులలో ఆమె కొడుకులు పాలకుర్తి పట్వారీ ఇంటిని కూల్చి ఆ స్థలంలో మొక్కజొన్న వేశారన్నది ఆ ప్రాంతంలో ప్రసిద్ధమైన విషయం.

కడవెండి, ఆ తరువాత

ఐలమ్మ కంటే ముందు విసునూరు దొరను ఎదిరించినవారు లేకపోలేదు. కామారెడ్డిగూడేనికి చెందిన షేక్ బందగీ తన భూమి కొరకు న్యాయస్థానాల వెంట తిరిగి, గెలుపొంది, దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో హత్యకు గురైనాడు. బందగీ ఒంటరిగా పోరాడాడు. ఐలమ్మ వెనుక సంఘం ఉన్నది. ఇద్దరి ఫలితాలలో కనిపించే భేదానికి ఇదే కారణం.

1946, జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా వెళ్తున్న ప్రజల మీద దొరసాని గడీ నుండి కాల్పులు జరిగాయి. దొడ్డి కొమరయ్య మరణించాడు. తెలంగాణా పోరాటంలో తొలి అమరుడిగా ఆయనను పేర్కొంటారు. కాల్పులు జరిపినది కూడా విసునూరు దేశ్‌ముఖ్ మనుషులే. కొమరయ్య శవయాత్ర నాటి నుండి ఉద్యమం ఊరి నుండి ఊరికి ప్రాకింది. వెట్టి ఆగిపోయింది. బేదఖళ్లు, అనగా భూమి నుండి వెళ్లగొట్టడాలు, ఆగిపోయాయి. 1947 తరువాత రజాకార్ల దాడులు పెరగడంతో గ్రామ దళాలు ఆయుధాలు పట్టాయి. పోరాటం తీవ్రంగా ఉన్న కాలంలో సుమారు 3,000 గ్రామాలలో ప్రజా కమిటీలు ఏర్పడ్డాయని, పది లక్షల ఎకరాల భూమి పంపిణీ జరిగిందని, నాలుగు వేల మంది ప్రాణాలు కోల్పోయారని సుందరయ్య లెక్క. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించగా 17న నిజాం లొంగిపోయాడు. 1951, అక్టోబర్ 21న కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది.

కృష్ణా జిల్లాతో సంబంధం

పాలకుర్తి కథ తెలుగు దేశమంతటా వ్యాపించడంలో బెజవాడ పాత్ర ప్రధానమైనది. బెజవాడ అప్పటికి మద్రాసు రాష్ట్రంలో, నిజాం సరిహద్దుకు కొద్ది దూరంలో ఉన్న రైలు కూడలి. హైదరాబాదు సంస్థానంలో నిర్బంధం పెరిగినప్పుడు తెలంగాణా కార్యకర్తలు ఇక్కడికి వచ్చి తలదాచుకునేవారు. కమ్యూనిస్టు పార్టీ ఆంధ్ర శాఖ, దాని పత్రిక ప్రజాశక్తి ఇక్కడ నుండే పనిచేశాయి. మునగాల పరగణా అప్పుడు నైజాం భూభాగం మధ్య ఉన్నప్పటికీ కృష్ణా జిల్లాలో భాగం కావడం రాకపోకలకు వీలు కల్పించింది.

డెల్టా రైతుకు ఐలమ్మ కష్టం వెంటనే అర్థం కావడానికి, ఆశ్చర్యం కలిగించడానికి కూడా కారణాలున్నాయి. 1855లో బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తి అయిన తరువాత డెల్టాలో వరి పంట, రైత్వారీ పట్టాలు, చదువు, పత్రికలు పెరిగాయి. పట్టాదారు రైతు శిస్తు హెచ్చింపుల మీద ప్రభుత్వంతో తగవు పడ్డాడు గాని, తన చేనిలో దొర మనుషులు కొడవళ్లతో దిగే భయం అతనికి లేదు. అలాగని డెల్టా అంతా సుఖంగా ఉన్నదనుకోవడం పొరపాటు. చల్లపల్లి జమీందారీలో, మునగాలలో రైతులు జమీందార్ల మీద దీర్ఘకాలం పోరాడారు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసే వరకు జమీందారీలు కొనసాగాయి. వాటికింద ఉన్న కౌలుదార్లకు, వ్యవసాయ కూలీలకు ఐలమ్మ చేనిలో జరిగినది పరాయి కథ కాదు.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ కథలను రంగస్థలం మీదికి తెచ్చింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి వ్రాసిన మా భూమి నాటకానికి బందగీ కథ ఆధారం. 1947లో వెలువడిన ఈ నాటకం కోస్తా జిల్లాల పల్లెలలో విరివిగా ప్రదర్శింపబడి, తరువాత మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైనది. ఇదే పేరుతో గౌతమ్ ఘోష్ తీసిన చలనచిత్రం కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా నిర్మించినది. రెండింటినీ ఒకటిగా భావించడం తరచు జరిగే పొరపాటు. విసునూరు దొర దౌర్జన్యాలు డెల్టా ప్రజలకు తెలియడానికి ఈ నాటకం, పత్రికలు, బుర్రకథలు ముఖ్య సాధనాలైనాయి.

పోరాటానంతర జీవితం

పోరాటం ముగిసిన తరువాత ఐలమ్మ పాలకుర్తిలోనే వ్యవసాయం చేసుకుంటూ జీవించింది. ఆమె ఏ పదవీ చేపట్టలేదు. 1952 సార్వత్రిక ఎన్నికలలో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుండి దేశంలోనే అత్యధిక ఓట్లతో పార్లమెంటుకు ఎన్నికైనాడు. పోరాటంలో పాల్గొన్న మరికొందరు శాసనసభకు వెళ్లారు. వృత్తి కులపు నిరక్షరాస్య స్త్రీకి అటువంటి అవకాశం ఇవ్వాలన్న ఆలోచన ఏ పార్టీకీ రాలేదు.

ఆమె కళ్లముందే చట్టాలు మారాయి. 1949లో జాగీర్లు రద్దు అయినాయి. 1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కును గుర్తించింది. చాలా కాలంగా సాగు చేస్తున్న కౌలుదారును కారణం లేకుండా తొలగించరాదన్నది దాని సారాంశం. పాలకుర్తి చేనిలో కర్రలతో తేల్చుకోవలసి వచ్చిన విషయాన్ని ఐదారేళ్లలో చట్టంలో వ్రాశారన్న మాట. అయితే చట్టం వచ్చిన తరువాత కూడా రికార్డు వ్రాసే చేతులు చాలా చోట్ల పాతవే. తొలి సర్వేలలో నమోదైన రక్షిత కౌలుదార్లలో అనేకులు తరువాత భూమిని కోల్పోయారు.

ఐలమ్మ 1985, సెప్టెంబర్ 10న మరణించింది. ఆమె పోరాటాన్ని గ్రంథస్థం చేసిన సుందరయ్య అదే సంవత్సరం మే 19న మరణించాడు.

చరిత్ర రచనలో ఐలమ్మ

ఐలమ్మ గురించి అందరూ ఉపయోగించే మూలం సుందరయ్య 1972లో ప్రచురించిన తెలంగాణా పోరాట చరిత్ర. కృష్ణా జిల్లా గన్నవరం నుండి శాసనసభకు ఎన్నికైన సుందరయ్య పోరాట నాయకులలో ఒకడు కావడం వలన సంఘటనల వివరాలు అందులో విపులంగా ఉన్నాయి. కాని అందులో కథ సంఘం వైపు నుండి నడుస్తుంది. ఎవరెవరు కర్రలు పట్టుకొని వెళ్లారు, ఎవరిని అరెస్టు చేశారు అన్నది తెలుస్తుంది. ఇల్లు కాలిన తరువాత ఆ కుటుంబం ఎక్కడ వండుకున్నది, మరుసటి కారుకు విత్తనాలు ఎక్కడివి అన్న ప్రశ్నలు అటువంటి గ్రంథాలకు పట్టలేదు. పోరాటంలో స్త్రీల అనుభవాలను వారి నోటనే సేకరించే ప్రయత్నం 1980లలో మొదలైనది. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన మనకు తెలియని మన చరిత్ర ఈ దిశలో ముఖ్యమైన పుస్తకం. తెలంగాణా, కృష్ణా జిల్లాలకు చెందిన అనేకమంది స్త్రీల జ్ఞాపకాలు అందులో ఉన్నాయి.

మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి వంటి ఇతర మహిళా నాయకులతో పోల్చితే ఐలమ్మ స్థానం వేరు. వారు భూమి ఉన్న కుటుంబాల నుండి ఉద్యమంలోకి వచ్చారు, దళాలలోనూ రాజకీయాలలోనూ పనిచేశారు. ఐలమ్మ ఉద్యమం వద్దకు వెళ్లలేదు. ఉద్యమమే ఆమె చేనికి వచ్చింది.

గుర్తింపు

చాలా కాలం వరకు ఐలమ్మ వర్ధంతిని కమ్యూనిస్టు పార్టీలు, రజక సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు మాత్రమే జరిపేవి. ప్రత్యేక తెలంగాణా ఉద్యమ కాలంలో ఆమె పేరు విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది. 2014లో తెలంగాణా రాష్ట్రం ఏర్పడిన తరువాత పాఠ్యపుస్తకాలలో, ప్రభుత్వ కార్యక్రమాలలో ఆమెకు స్థానం లభించింది. జయంతి, వర్ధంతులను ప్రభుత్వం అధికారికంగా నిర్వహిస్తున్నది. పాలకుర్తిలో ఆమె స్మారక స్థూపం, విగ్రహం ఉన్నాయి. రాష్ట్రంలోని అనేక పట్టణాలలో కూడలుల వద్ద ఆమె విగ్రహాలు నెలకొల్పారు.

2024, సెప్టెంబర్ 10న ఐలమ్మ వర్ధంతి సందర్భంగా హైదరాబాదులోని కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్లు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించాడు. అది వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం అయినది. పూర్వం ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాలగా ఉన్న ఈ సంస్థ ఆవరణలోని ప్రధాన భవనం, నిజాముల కాలంలో బ్రిటిష్ రెసిడెంటు నివసించిన భవంతి.